బ్రేకుల ఖాతా

ప్రతి ఊళ్లోనూ ఒక జీపాయన ఉంటాడు. ఉద్యోగం ఏదైనా కావచ్చు, గుర్తుపట్టడం మాత్రం తేలిక. ఇంట్లో కారు పెట్టుకోవాల్సిన షెడ్డులో ఎత్తు బానెట్టు పాత మహీంద్రా సీజే-3బి ఉంటుంది. కారు వీధిలో ఎండుతూ ఉంటుంది. పెళ్లికొచ్చినా గోళ్ల సందుల్లో గ్రీజు ఉంటుంది. "బాగున్నారా?" అని పలకరిస్తే, "గేరుబాక్సులో చిన్న చప్పుడుంది గానీ పర్లేదండీ" అంటాడు.

మా విజయవాడలో ఈ బాపతు కాస్త ఎక్కువ. పక్కన ఆటోనగర్ పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చోవడం ఎవరి తరం? అక్కడ దొరకని సామాను ఉండదు. దొరక్కపోతే లేతు మీద తిప్పి ఇచ్చే మేస్త్రీ ఉంటాడు.

జీపాయన తెలివి తెలియాలంటే ఆయన ఖర్చుల చరిత్ర చూడాలి. లావు టైర్లు కొంటానంటే ఇంట్లో "ఎందుకండీ?" అన్నారు. కొత్త రంగు వేయిస్తానంటే "ముందు గోడలకి వేయించండి" అన్నారు. నెత్తిన లైట్ల వరస పెట్టిస్తానంటే సమాధానమే లేదు, వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప. అప్పుడాయనకి జ్ఞానోదయమైంది. ఒక రాత్రి అన్నం కలుపుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, "బ్రేకులు మార్పించాలి. పాత డ్రమ్ములు... పిల్లలెక్కే బండి" అన్నాడు.

ఏ ఇల్లాలు వద్దంటుంది? బ్రేకులు వద్దనడమంటే మొగుడు వద్దనడమే. పిల్లలు ఆ జీపెక్కడం మానేసి చాన్నాళ్లయిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన మాటలో అబద్ధం లేదు. సీజే-3బి 1953లో అమెరికాలో విల్లీస్ వాళ్లు తెచ్చిన మోడలు. అక్కడ దాని కాలం చెల్లాక కూడా మహీంద్రా వాళ్లు ఇక్కడ చాన్నాళ్లు తయారుచేశారు. నాలుగు చక్రాలకీ తొమ్మిదంగుళాల డ్రమ్ములు. ఘాటు దిగేటప్పుడు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. వాగు దాటితే నీళ్లు పట్టి, పెడలు మీద కాలేసి ఆరబెట్టుకుంటే గానీ పనిచేయవు. ఒక పక్క ముందు పట్టిందా, బండి తనకి నచ్చిన సందులోకి తిరుగుతుంది. పైగా నాలుగింటికీ ఒకటే ఆయిలు దారి. ఏ పైపు కారినా పెడలు నేలకి తగులుతుంది. అంటే ఆయన చెప్పేది అక్షరాలా నిజం. చిక్కంతా అక్కడే ఉంది. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది; నిజాన్ని ఎంతదూరమైనా లాగొచ్చు.

బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు రెండు చక్రాలకి డిస్కులు చాలన్నాడు. ఎంత పొదుపరి! జీపుల మార్పులకి పేరుపడ్డ హర్యానాలోని మండీ డబ్వాలీ నుంచి పార్సిలు దిగింది. డిస్కులూ, కాలిపర్లూ, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లూ. మేస్త్రీ బిగించాడు. కాలిపర్ పాత రిమ్ముకి రాసుకుంది. కాబట్టి కొత్త రిమ్ములు. రిమ్ములు వెడల్పు కాబట్టి లావు టైర్లు. ఇంట్లో వద్దన్న టైర్లు అలా బ్రేకుల ఖాతాలో వచ్చి కూర్చున్నాయి.

బండి బెంజి సర్కిలు చేరేసరికి ముందు చక్రాల నుంచి కాలిన వాసన. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్లో ఒక చిన్న వాల్వు ఉంటుంది. పెడలు వదిలేశాక కూడా అది పైపుల్లో పది పీఎస్ఐ దాకా ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి గనుక అక్కడ పర్వాలేదు. డిస్కుకి ఆ స్ప్రింగులు లేవు, ప్యాడ్లు పట్టిన పట్టు వదల్లేదు. ఇన్నాళ్లూ ఆగనన్న జీపు ఇప్పుడు కదలనంది.

"మాస్టర్ మార్చాల్సిందే సార్" అన్నాడు మేస్త్రీ. జీపాయన మొహం వెలిగిపోయింది. డ్రమ్ము తిరుగుతూ షూని తనే లోపలికి లాక్కుంటుంది. డిస్కు ఆ సాయం చేయదు, అంతా కాలి బలమే. అందుకని బూస్టరు. పాత మాస్టర్ ఉన్నది పాదాల కింద, ఫ్లోరు అడుగున; అక్కడ బూస్టరుకి చోటు లేదు. కాబట్టి పెడలు పైనుంచి వేలాడాలి, ఫ్లోరు కొయ్యాలి, కొత్త రేకు వెయ్యాలి. బూస్టరుకి వాక్యూం కావాలి. పెట్రోలు ఖర్చు భరించలేక ఎప్పుడో ఎక్కించిన డీజిలింజను అది ఇవ్వదు. కాబట్టి వెనకాల వాక్యూం పంపున్న ఆల్టర్నేటరు. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచి, పిల్లి పాలకని ఆవుని కొని, చివరికి సంసారంలో పడ్డ సన్యాసి మా జీపాయన ముందు బొత్తిగా పిల్లకాయ.

ఇక పైపుల్లో చేరిన ఎయిరు తీసే కార్యక్రమం. మాస్టర్‌కి దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలు. నిపిలుకి సన్న గొట్టం, గొట్టం కొస బ్రేకాయిలు పోసిన సీసాలో. జీపాయన బండి కింద, బావమరిది పెడలు మీద. "నొక్కు... పట్టుకో... వదులు." సీసాలో బుడగలు. "నొక్కు... పట్టుకో..." బావమరిది జేబులో ఫోను మోగింది, కాలు లేచింది, గొట్టంలోకొచ్చిన గాలంతా తిరిగి లోపలికి పోయింది. "పట్టుకోమన్నానా!" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది. ఆ కంగారులో డబ్బా తన్నుకుని బ్రేకాయిలు మడ్‌గార్డు మీద ఒలికింది. బ్రేకాయిలు రంగుని ఉబ్బించి పెచ్చులూడగొడుతుంది. కాబట్టి బండి మొత్తానికి కొత్త రంగు. అదీ బ్రేకుల ఖాతాలోకే.

ఈ మధ్య పెళ్లిపందిట్లో జీపాయనకి పక్కన కూర్చున్న పెద్దమనిషి దొరికాడు. "డిస్కు బ్రేకుకి లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడండీ. 1953లో లే మాన్స్ పందెం జాగ్వార్ దేనితో గెలిచిందనుకున్నారు?" అని అడిగాడు. పెద్దమనిషి "పెరుగు" అన్నాడు, వడ్డించేవాడితో.

బ్రేకులు బ్రహ్మాండంగా కుదిరాయి. ఇంద్రకీలాద్రి ఘాటు దిగుతూ కాలు ఆనించాడో లేదో జీపు నిలబడిపోయింది. వెనక సంచిలోని కొబ్బరిచిప్పలు ముందు సీటు కిందికి దొర్లుకొచ్చాయి. ఇంటికొచ్చి, "ఇంత మంచి బ్రేకులకి ఆ పాత స్టీరింగు నప్పదోయ్. ఎంతైనా భద్రత..." అని కొత్త ఖాతా తెరవబోయాడు.

"నిజమేనండీ," అంది ఆవిడ. "మన గ్యాస్ స్టవ్ గొట్టం చీలింది. పిల్లలు తిరిగే ఇల్లు. కొత్త స్టవ్ కొందాం. నాలుగు పొయ్యిలది ఈ గట్టు మీద పట్టదు, గట్టు వెడల్పు చేయించాలి. గట్టు కదిపితే సింకు జరపాలి, సింకు జరిపితే పైపులు మార్చాలి. పొగ పోవడానికి చిమ్నీ ఎలాగూ తప్పదు." కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన పైనుంచి కిందిదాకా చదివాడు.

"గ్రానైటు కూడా భద్రతకేనా?"

"జీపుకి రంగు వేయించింది దేనికండీ?"