నా వేడి ఎవరిది?

నేను జెట్‌ని, ఫ్యూజన్ యంత్రాన్ని. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కల్హమ్‌లో, 1983 జూన్‌లో నాలో తొలి ప్లాస్మా వెలిగింది. 1997లో 16 మెగావాట్ల ఫ్యూజన్ శక్తి ఇచ్చానని నన్ను మెచ్చుకుంటారు. అదే ఏడాది, అంతకంటే తక్కువ శక్తితో జరిగిన మరో ప్రయోగమంటే నాకు ఎక్కువ ఇష్టం.

నా ఇంధనమైన బరువైన హైడ్రోజన్ రకాలు డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే ఒక న్యూట్రాన్, ఒక ఆల్ఫా కణం పుడతాయి. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కనుక నా అయస్కాంతాలకు చిక్కదు. ఐదింట నాలుగు వంతుల శక్తి పట్టుకుని గోడలోకి పోతుంది. ఆవేశమున్న ఆల్ఫా మాత్రం నాలోనే తిరుగుతూ, తన శక్తిని ముఖ్యంగా ఎలక్ట్రాన్లకు పంచుతుంది. ఆ వేడి సరిపడా ఉంటే ప్లాస్మా తనను తానే వేడిగా ఉంచుకుంటుంది. ఫ్యూజన్ కరెంటు మీద ఆశంతా ఇక్కడే ఉంది.

మరి ఆ వేడిని గుర్తుపట్టేదెలా? ఊదుగొట్టం ఆపకుండా ఊదుతుంటే, కట్టె తనంతట తాను ఎంత మండుతోందో తెలియదు కదా! బయటినుంచి కణపుంజాలతో నాలోకి పంపే వేడి ముందు ఆల్ఫాల వాటా చిన్నది. పైగా ట్రిటియం బరువైనది. ఎలక్ట్రాన్లు వేడెక్కితే అది ఆల్ఫాల పనా, లేక బరువైన ఇంధనం వేడిని బాగా నిలుపుకోవడమా?

నాకిష్టమైన ఆ ప్రయోగంలో నా శాస్త్రవేత్తలు బయటి వేడిని సుమారు 10.5 మెగావాట్ల దగ్గర ఉంచి, ఇంధనం పాళ్లు మాత్రం మారుస్తూ పోయారు. ఒక కొసన డ్యుటీరియం, మరో కొసన దాదాపు అంతా ట్రిటియం. కారణం బరువే అయితే ట్రిటియంతో పాటు ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉండాలి. అలా జరగలేదు. ట్రిటియం 60 శాతం దరిదాపుల్లో ఉన్నప్పుడు, అంటే ఆల్ఫాలు ఎక్కువగా పుట్టేచోట, నా నడిబొడ్డున ఎలక్ట్రాన్లు అన్నిటికంటే వేడెక్కాయి. ఆపైన తగ్గాయి. ఆల్ఫాలు ఇచ్చింది సుమారు 1.3 మెగావాట్లే. దానికే కోటి డిగ్రీలకు పైగా తేడా వచ్చింది! ప్రిన్స్‌టన్‌లోని టీఎఫ్‌టీఆర్ అనే ఫ్యూజన్ యంత్రం నాకంటే ముందే ఈ జాడ పట్టింది, ఆ గౌరవం దానిది. దాన్ని స్పష్టంగా చూపింది మాత్రం నేను.

2023 డిసెంబర్‌లో నా చివరి ప్లాస్మా ఆరింది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే ఫ్యూజన్ యంత్రంలో బయటి వేడి 50 మెగావాట్లు, ఫ్యూజన్ శక్తి 500 మెగావాట్లు అన్నది లక్ష్యం. అందులో ఐదో వంతు, 100 మెగావాట్లు, ఆల్ఫాలదే. అక్కడ వాటి వేడే బయటి వేడికి రెండింతలు.