ఫ్యామిలీలకు మాత్రమే

1916లో తెనాలి నుంచి వేసుకొచ్చిన రైలు పట్టాలు రేపల్లెతో సరి. ఆ తర్వాత ఇక కృష్ణ, సముద్రం. ఇక్కడ ఆగనిది పిల్లలే. ఇంజనీరింగ్ అవ్వగానే సికింద్రాబాద్ రైలెక్కుతారు. సంబంధాలు చూసే వేళకి ఫ్లాటు కొనాలంటారు. ఫ్లాటు ఉందా లేదా అన్నది పాత ప్రశ్న, ఇప్పుడంతా "ఎక్కడండీ?" అనే. కూకట్‌పల్లి అంటే ఆడపిల్లవాళ్లు జాతకాలు చూపించి చెబుతామంటారు. కొండాపూర్ అంటే కాఫీ ఇస్తారు, నార్సింగి అంటే టిఫిన్ పెడతారు. కోకాపేట అన్నారో, భోంచేసి గానీ వెళ్లడానికి వీల్లేదంటారు.

కోకాపేట మహత్యం అలాంటిది మరి. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో హెచ్‌ఎండీఏ భూములు వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. మన లెక్క సెంట్లలో కదా, సెంటు కోటి రూపాయల పైమాటే. గజం చొప్పున చూస్తే రెండు లక్షల ఎనిమిది వేలు. ఇక్కడ మాగాణి అమ్మి అక్కడ కొనేది నేలనా అంటే, కాదు. గాల్లో ముప్పయ్యో అంతస్తో, నలభయ్యో అంతస్తో. నేల మీద మన వంతుగా దస్తావేజులో "అన్‌డివైడెడ్ షేర్" అని కొన్ని గజాలు రాస్తారు. ఆ గజాలు ఎక్కడివో రాసినవాడికీ తెలియదు. పక్క చేనువాడు జానెడు గట్టు జరిపాడని ఇరవై ఏళ్లు తెనాలి కోర్టుకు తిరిగిన పెద్దమనిషి, హద్దులే లేని ఆ భూమికి సంతకం పెట్టి వీధంతా స్వీట్లు పంచుతాడు. కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి తీరాలని 2016 నాటి రెరా చట్టం అంటుంది. బ్రోచర్లో పెద్దక్షరాల్లో ఉండేది మాత్రం మెట్లూ లిఫ్టూ కారిడార్ల వాటా కలిపిన కొలత.

ఆ బ్రోచర్ మీదే ఇంకో మాట ఉంటుంది: "ఫ్యామిలీ ఫ్రెండ్లీ". కింద ఫొటోలో తెల్లజుట్టు తాత, ఉయ్యాలలో మనవరాలు, పక్కన ఓ కుక్క. వాకింగ్ ట్రాకు, క్లబ్‌హౌసు, పిల్లలకు ఇసుక గుంట, పెద్దవాళ్లకు సీనియర్ సిటిజన్ కార్నర్. ఎలివేషన్ చెడుతోందని ఊళ్లో ఇంటిముందు అరుగు కొట్టించేసినవాళ్లే ఆ కార్నర్‌కు నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నారు.

ఫొటోలో తాత సరే, అసలు తాత సంగతి చూద్దాం. రేపల్లె నుంచి రాత్రంతా ప్రయాణం చేసి, భుజాన పాతిక కిలోల బియ్యం సంచి, చేతిలో ఆవకాయ డబ్బాతో ఆయన గేటు దగ్గర దిగుతాడు.

"ఏ ఫ్లాట్, పెద్దాయనా?"

"మా అబ్బాయి ఇల్లేనయ్యా."

"నంబర్ చెప్పండి. ఏ ఊరు?"

"రేపల్లె, గుంటూరు జిల్లా... కాదు కాదు, బాపట్ల." జిల్లా 2022లోనే మారింది గానీ నోటికి ఇంకా గుంటూరే వస్తుంది.

సెక్యూరిటీ కుర్రాడు ఫోన్ తీస్తాడు. యాప్‌లో అతనికి ఉన్న గళ్లు నాలుగే: గెస్ట్, క్యాబ్, డెలివరీ, పనివాళ్లు. నాన్న అనే గడి లేదు. సంచి వంక ఓసారి చూసి "డెలివరీ" నొక్కుతాడు. పైన మీటింగ్‌లో ఉన్న కొడుకు ఫోన్లో "మీ డెలివరీ వచ్చింది" అని మోగుతుంది. "గేటు దగ్గరే పెట్టేయమనండి" అని నొక్కి మీటింగ్‌లో పడిపోతాడు.

ఎలాగో పైకి చేరిన తాత మర్నాడు మురిపెంగా నిజాంపట్నం ఎండు రొయ్యలు వేయించమంటాడు. అవి మూకుట్లో పడ్డ పది నిమిషాల్లో అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్: "ఫ్లోర్‌లో ఏదో దుర్వాసన. ప్లంబర్‌ను పంపగలరు."

ఇదంతా చదివి మన వీధే నయం అని మీసం మెలేస్తున్నవాళ్లు కాస్త ఆగాలి. మన టులెట్ బోర్డు మీద రాసేదేమిటి? "ఫ్యామిలీలకు మాత్రమే." బ్యాంకుకు బదిలీ మీద వచ్చిన కుర్రాడు గది అడిగితే పెళ్లయిందా అంటాం. అయిందంటే "ఇంటిపేరేమిటండీ?" అంటాం. ఇంటిపేరుతో తేలకపోతే మీదే ఊరు, మీ మేనమామలెవరు అని కూపీ లాగుతాం. అప్పటికీ తేలకపోతే గది ఖాళీగా ఉన్నా "నిన్ననే ఎవరికో మాటిచ్చామండీ" అంటాం. ఒంటరిగా ఉండే టీచరమ్మ ఎన్నింటికి ఇంటికొచ్చిందో, ఎవరి బండి మీద వచ్చిందో ఎదురింటి కిటికీ నిద్రపోకుండా కనిపెడుతుంది. కోకాపేటలో సీసీ కెమెరాలకు లక్షలు తగలేశారు. మన వీధిలో ఆ సేవ ఉచితం, పైగా రికార్డింగ్ ఊరంతా తిరుగుతుంది.

కాబట్టి రెండు చోట్లా ఉన్నది ఒకే జల్లెడ. ఇక్కడ ఇంటిపేరు చేసే పని అక్కడ గజం రేటు చేస్తుంది. మనలాంటి వాళ్లు మిగలాలి, మిగతావాళ్లు రాలిపోవాలి. అలా మిగిలినదాన్నే ఫ్యామిలీ ఫ్రెండ్లీ అని పిలుచుకుంటాం. రేటు ఒక్కటే మెరుగు, మేనమామల్ని అడగదు. అయితే ఆ జల్లెడ పట్టించినవాడి కన్నతండ్రే గేటు దగ్గర సంచితో సహా రాలిపోతాడని ఎవరూ అనుకోలేదు.

ఇక ఇల్లు వెతికేవాళ్లకు నా సలహా. స్కూలెంత దూరం, ఆస్పత్రి ఎంత దూరం, తూర్పు వాకిలేనా, మంజీరా నీళ్లొస్తాయా అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ఇంకొకటి అడగండి. ఆ టవర్లో రోజూ పది ఫ్లాట్లు తుడిచి సర్వీసు లిఫ్టులో దిగే మనిషి ఉంటుంది. బడి లేని రోజు ఆమె వెంట వచ్చిన పిల్లాడు, బ్రోచర్లో ఉన్న ఆ ఉయ్యాల ఎక్కి కాసేపు ఊగొచ్చా? ఆమెదీ ఫ్యామిలీయే కదా.

సేల్స్ కుర్రాడు మర్యాదస్తుడు, లేదని చెప్పడు. "అది ఫేజ్ టూలో ప్లాన్ చేస్తున్నాం సార్" అంటాడు.