ముహూర్తం మనది, మార్పు వాళ్లది

భద్రాచలంలో సీతారాముల కల్యాణం శ్రీరామనవమి నాడు అభిజిత్ లగ్నంలో, మిట్టమధ్యాహ్నం జరుగుతుంది. ఎంత పెద్దవాళ్లు ముత్యాల తలంబ్రాలు పట్టుకొచ్చినా, గోదావరి గట్టున జనం ఎంత కిక్కిరిసినా జీలకర్ర బెల్లం వేళకే పడుతుంది. ‘నిర్వహణ కారణాల వల్ల మాంగల్యధారణ రేపు తెల్లవారుజామున 3.55కు మార్చడమైనది, అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని దేవస్థానం ఏనాడూ మెయిల్ పెట్టలేదు. అందుకే మా జిల్లా వాళ్లకు ముహూర్తమంటే అంత గురి. ఆ గురిని విమానం ఎక్కించబోయి మా నేలకొండపల్లిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇల్లు ఈ మధ్య కుదేలైంది.

మాస్టారి కూతురు డాలస్‌లో ఉంటుంది. వేసవిలో వెళ్లి, మనవరాలిని ఆడించి, నయాగరా చూసి రావాలని దంపతుల కోరిక. ముందు కొంటే చవకని పది నెలల ముందే టికెట్లు తీశారు. పంతులుగారు పంచాంగం తిరగేసి దశమి గురువారం ఖాయం చేశారు. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. మూడు దాటగానే కారు కదలాలి. కోదాడలో హైవే ఎక్కి, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటి, ఔటర్ మీదుగా శంషాబాద్ చేరాలి. రాత్రి విమానం. లెక్కల మాస్టారు కదా, టిఫిన్ ఎక్కడ తినాలో కూడా కాగితం మీద వేసుకున్నారు.

మొదటి మెయిల్ వచ్చింది. రాత్రి విమానం అదే గురువారం తెల్లవారుజాముకు జరిగింది. అంటే బుధవారం, నవమి నాడే గడప దాటాలి. అమ్మగారు గుండె పట్టుకున్నారు. పంతులుగారు మాత్రం చలించలేదు. “ప్రస్థానం పెట్టండమ్మా. సప్తమి నాడు మంచి గడియలో ఒక పెట్టె ఎదురింట్లో ఉంచండి. ప్రయాణం మొదలైనట్టే” అన్నారు. పెట్టె ఎదురింటికి వెళ్లింది. అందులో ఆవకాయ ఉంది.

రెండో మెయిల్ వచ్చింది. ఈసారి శంషాబాద్ విమానం కదల్లేదు, గల్ఫ్‌లో మారాల్సిన విమానం కదిలింది. కొత్త కాగితం ప్రకారం వీళ్లు అక్కడ దిగేది తొమ్మిదింటికి. అక్కడి నుంచి డాలస్ విమానం ఎగిరేది ఎనిమిదీ ఇరవైకి. కింద పచ్చరంగు బటన్: ‘అంగీకరిస్తున్నాను’.

మాస్టారు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారు. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అన్న మాట తర్వాత వచ్చిన సంగీతానికి ఒక కునుకు తీశారు. చివరికి ఒక అమ్మాయి పలికింది.

“సార్, మీకు రెండు ఆప్షన్లున్నాయి. అంగీకరించొచ్చు, లేదా క్యాన్సిల్ చేసుకోవచ్చు.”

“నేను దిగకముందే పోయే విమానాన్ని ఎట్లా ఎక్కాలమ్మా? ఇన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన. ఇది ఏ సూత్రం?”

“సిస్టమ్‌లో అలాగే ఉంది సార్.”

పిల్లవాడు తప్పు లెక్క చేస్తే గోడకుర్చీ వేయించిన మనిషి, ‘థాంక్యూ అమ్మా’ అని ఫోన్ పెట్టేశారు. ఆవకాయ మాత్రం ఎదురింటి హాల్లోనే ఊరుతోంది. వాళ్లబ్బాయి రుచి చూశాడని వదంతి.

ఇంతకీ విమానాలు ఎందుకిలా జరుగుతాయి? అవీ ప్రస్థానమే పెడతాయి గనుక. పది, పదకొండు నెలల ముందు అమ్మే టికెట్ మీద ఉండే వేళ ఒక అంచనా మాత్రమే. విమానాల టైంటేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది: మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ చివరి ఆదివారం ఇంకోసారి. ఎయిర్‌పోర్టుల్లో దిగే, ఎగిరే వేళలు ఆ సీజన్‌కు ఖరారయ్యాకే అసలు లెక్క తేలుతుంది. అమెరికావాళ్లు మార్చిలో గడియారం గంట ముందుకు, నవంబర్‌లో గంట వెనక్కు తిప్పుతారు. సీట్లు నిండకపోతే రెండు విమానాలను కలిపి ఒకటి చేస్తారు. డబ్బులు మాత్రం మొదటి రోజే, పూర్తిగా.

దీనికి తోడు లోకంలో గొడవలు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరిగి, దారిలో వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో ఆగి ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది. కొన్ని గొడవలు ఇంట్లోనే పుడతాయి. పైలట్లకు ఇంకాస్త విశ్రాంతి ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలోనే చెప్పింది. ఆ నిబంధన పూర్తిగా అమల్లోకి వచ్చాక, 2025 డిసెంబర్ మొదటి వారంలో, ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. మనుషులకు నిద్ర అవసరమన్న సంగతి దాదాపు రెండేళ్ల నోటీసు ఇచ్చినా హఠాత్తుగానే తెలుస్తుంది కాబోలు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ అయితే వేళ మార్చే శ్రమ కూడా పెట్టుకోలేదు. మొత్తానికే ఆగిపోయాయి.

మారడం తప్పని అనను. మా ఊరి పల్లెవెలుగు బస్సూ ఆలస్యంగానే వస్తుంది. అయితే ఎప్పుడొస్తే అప్పుడే ఎక్కనిస్తుంది, ఎక్కాకే టికెట్ కొడుతుంది. విమానం దగ్గర న్యాయం వేరు. మనం తేదీ మారిస్తే మార్పు రుసుము, దాని మీద ఛార్జీల తేడా. వాళ్లు మారిస్తే ఒక ‘చింతిస్తున్నాము’. తన కాలానికి వెల కట్టే వాడు, మన కాలానికి వెల లేదంటాడు. వ్యాపారం అంటే ఇదే.

ఇక్కడ మా ఊరి పెద్దమనిషి మాట చెప్పుకోవాలి. కంచర్ల గోపన్న, లోకం రామదాసు అన్న మనిషి, నేలకొండపల్లిలో పుట్టినవాడే. పాల్వంచ తహసీల్దారుగా ఉండి సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, తానీషా కొలువులో నేరస్తుడై గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని కథ. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వెళ్లి ఆరు లక్షల మొహరీలు కుమ్మరించారట. భక్తులు మొహరీల దగ్గరే ఆగిపోతారు గానీ, నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. దేవుడై ఉండి కూడా రసీదు రాయించుకున్నాడు. ప్రభుత్వంతోనైనా, బలమైనవాడితోనైనా లావాదేవీ అంటే కాగితం ఉండాలని ఆయనకు తెలుసు. మనకే తెలియదు. ఫోన్‌లో ‘చూస్తాం సార్’ అంటే నమ్ముతాం, పచ్చ బటన్ కనబడితే నొక్కుతాం.

ఆ బటన్‌లోనే ఉంది మర్మం. నొక్కితే మార్పుకు ఒప్పుకున్నట్టే. ఆపైన డబ్బు వాపసు అడిగే హక్కు చేజేతులా వదులుకున్నట్టే. మన దేశంలో డీజీసీఏ నిబంధన ప్రకారం విమానం రద్దయితే రెండు వారాల ముందు చెప్పి, ప్రయాణికుడికి సమ్మతమైన వేరే విమానమో, డబ్బు వాపసో ఇవ్వాలి. చెప్పకుండా చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి రూ.5,000 నుంచి రూ.10,000, లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది పరిహారం. ‘మా చేతిలో లేని కారణం’ అన్న గొడుగు కింద దూరితే అదీ లేదు. యూరప్ చట్టం గట్టిది: 14 రోజుల లోపు చెప్పి రద్దు చేస్తే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోలు. అది అక్కడ బయల్దేరే ఏ విమానానికైనా, అక్కడికి వచ్చే యూరప్ కంపెనీల విమానాలకైనా వర్తిస్తుంది. అమెరికాకు వచ్చిపోయే విమానాలకు 2024 అక్టోబర్ నుంచి ఇంకో నియమం: విదేశీ ప్రయాణంలో బయల్దేరడం ఆరు గంటలు ముందుకు జరిగినా, చేరడం ఆరు గంటలు వెనక్కు పోయినా, దారిలో ఒక మజిలీ పెరిగినా, వద్దంటే డబ్బు తిరిగి ఇచ్చేయాలి. కార్డుతో కొంటే ఏడు పని దినాల్లో. ‘నాన్ రిఫండబుల్’ టికెట్‌కు కూడా.

డబ్బు బదులు కూపన్ తీసుకోమంటారు. 2020 లాక్‌డౌన్‌లో అదే జరిగింది. ‘క్రెడిట్ షెల్’ అనే చిప్ప చేతిలో పెట్టి పంపారు. సుప్రీంకోర్టు ఆ ఏడాది అక్టోబర్ 1న తీర్పు చెప్పాకే వాపసు దారులు తెరుచుకున్నాయి.

కనుక మాస్టారి వంటి వాళ్లకు నాలుగు ముక్కలు. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద కొనండి. అప్పుడు మధ్యలో విమానం తప్పితే చేర్చే బాధ్యత వాళ్లది. ముక్కలుగా కొంటే ఆ బాధ్యత మీది. మారే చోట మూడు, నాలుగు గంటల వ్యవధి ఉంచండి. బుకింగ్‌లో ఏజెంట్ నంబరు, ఏజెంట్ మెయిల్ కాకుండా మీవి రాయించండి. లేకపోతే విమానం మారిన కబురు ఆయనకు చేరుతుంది, ఆయన మేనల్లుడి పెళ్లిలో ఉంటాడు. అమెరికాలో హోటళ్లూ, నయాగరా టికెట్లూ రద్దుకు వీలున్నవే తీసుకోండి. మార్పు మెయిల్ రాగానే బటన్ నొక్కకండి. అదే కంపెనీకి ఇంకే విమానాలున్నాయో చూసుకుని, ఫలానా దాంట్లో వేయండని రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు అడిగినవాడికే ఇస్తారు, అడగనివాడికి పచ్చ బటన్ ఇస్తారు.

అప్పటికీ వినకపోతే? విమానయాన మంత్రిత్వ శాఖ వాళ్ల ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవ ఉంది. 2016లో దాన్ని మొదలుపెట్టింది అప్పటి మంత్రి, మన అశోక్ గజపతిరాజుగారే. ఇప్పటి విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడూ తెలుగువారే. ఆ శాఖకు తెలుగులో చెప్పుకునే భాగ్యం మనకు దక్కింది. ఖమ్మానికి విమానాశ్రయం మాత్రం ఒక్కసారీ దక్కలేదు. అయితేనేం, ఖమ్మానికి వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్నదాని విలువ రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వాళ్ల లాయరు శంషాబాద్‌లో దిగి, సూర్యాపేట మీదుగా ఖమ్మం రావాల్సి ఉంటుంది. రాహుకాలం చూసుకుని మరీ రమ్మనండి.