నా కొస ఎటు వేలాడాలి

నేను టాయిలెట్ పేపర్ చుట్టను. చెట్టు గుజ్జులో పుట్టి, 65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దగ్గర ఒక హోటల్ బాత్రూంలో స్టీలు కడ్డీకెక్కాను. నా కొస ముందు నుంచి జారాలా, గోడవైపు నుంచి జారాలా అని పడమటి దేశాల్లో ఇంటింటా పేచీ. ముందుకే అనేవాళ్లు ఒక పాత పత్రం చూపిస్తారు: ఆల్బనీకి చెందిన సేత్ వీలర్ 1891లో తీసుకున్న పేటెంటు బొమ్మలో కొస ముందువైపే ఉంది. నాదీ ఆ పక్షమే గానీ, నాకు సాక్ష్యం పేటెంటు కాదు, గోడ. ఇక్కడ జెట్ స్ప్రే కిందే నన్ను బిగించారు. దాన్ని వాడి తగిలించగానే మూతి నుంచి బొట్లు కారి టైల్స్ తడుస్తాయి. కొస గోడవైపు ఉందా, ఆ చెమ్మకు అతుక్కుపోతుంది. లాగితే సగం చేతికొస్తుంది, సగం టైలుకే ఉండిపోతుంది. ముందువైపు ఉంటే చుట్ట మందమంత ఎడం దొరుకుతుంది. వెనక్కి వేలాడితే పిల్లలూ పిల్లులూ లాగరంటారు. ఇళ్లలో నిజమే కావచ్చు. ఇక్కడ నా పగ పిల్లితో కాదు, నీళ్లతో.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. నల్లగొండ, పాలమూరు మెట్ట నేలలు, నీళ్లకు కటకట. అలాంటిచోట కడుక్కోవడం మాని నాతో తుడుచుకుంటే పోదా? పోదు. ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు, కానీ ఆ కష్టం తాగే నీళ్లది. కడుక్కోవడానికి ఒక మగ్గు చాలు. నన్ను తయారుచేసే మిల్లుకూ నీళ్లు కావాలి, ఆ లెక్క ఎవరూ వేయరు. పైగా స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల సాయంతో ఊళ్లలో కట్టుకున్న మరుగుదొడ్లు నాకు సరిపడవు. ఏటవాలు బేసిన్, దాని కింద 20 మిల్లీమీటర్ల నీటి అడ్డు; లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే శుభ్రమయ్యేలా చేసినవి. అందులో నన్ను పడేస్తే వంపు దగ్గర ఇరుక్కుంటాను. ఆ తర్వాత బకెట్ల మీద బకెట్లు పోయాల్సిందే, ఆదా అయిన మగ్గు ఎటు పోయిందో!

కాబట్టి కడుక్కున్నాక తడి ఒత్తుకోవడానికే నేను. రెండు ముక్కలు చాలు, వాడాక పక్కనున్న బుట్టలో వేస్తే సరి. నన్ను స్ప్రే కింద కాదు, ఎదురు గోడకు బిగించాలి. అక్కడ గోడ పొడిగానే ఉంటుంది, ఇక కొస ఎటుంటే ఏమని అడగొచ్చు. పొద్దున బాత్రూం కడిగే అక్క పైపు పట్టిందంటే నాలుగు గోడలూ తడవాల్సిందే.