పదకొండో ఎకరం

కదిరి చెనిక్కాయకు ఉన్న పేరు దాన్ని పండించేవాడికి లేదు. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పుట్టిన కదిరి 6, కదిరి 9, కదిరి లేపాక్షి రకాలు రాష్ట్రం దాటిపోయాయి. పండించేవాడూ దాటిపోయాడు, బెంగుళూరుకు, కాంక్రీటు మోయడానికి. మల్లెపూలకు పేరుంది, ఖాద్రీ నరసింహస్వామికి పేరుంది. కరువుకైతే మరీ పేరుంది. అయినా ఇక్కడ పేదవాడినని చెప్పుకోవడానికి ఊరి పేరు చాలదు. పరీక్ష రాయాలి.

ఆ పరీక్షకు ఆరు పేపర్లు. ప్రభుత్వ పథకాలు ఎవరికి ఇవ్వాలో తేల్చే ఈ లెక్కను ఆరంచెల పరిశీలన అని పిలుస్తారు. నెలకు ఇంటి ఆదాయం పల్లెలో 10,000, టౌనులో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు, రెండూ కలిపినా పదే. కరెంటు నెలకు 300 యూనిట్ల లోపే కాలాలి. సొంత కారు ఉండకూడదు. టౌనులో ఇల్లు 1,000 చదరపు అడుగులకు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగో, ఆదాయపు పన్ను కట్టేవాడో ఉంటే పెన్ను పట్టకముందే ఫెయిలు. ప్రభుత్వం మారింది. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది, పింఛను కానుక పోయి భరోసా వచ్చింది. సిలబస్ మాత్రం చెక్కు చెదరలేదు. మన రాజకీయాల్లో రెండు పార్టీలూ ఏకాభిప్రాయానికి వచ్చిన అరుదైన విషయం ఇదే కాబోలు.

ఇందులో ఎకరాల పేపరంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. వాన సంగతి తెలియనివాళ్ళు తప్ప ఇంత నిష్పక్షపాతంగా ఎవరూ పేపరు తయారుచేయలేరు. అనంతపురం మెట్ట మీద ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ పడాల్సిన నాడు పడదు. ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది, కాయలు పీకి వామి వేసే వేళకు చుట్టంలా దిగబడుతుంది. ఈ నేలలో పదకొండు ఎకరాలు ఉన్నవాడు పది ఎకరాలు ఉన్నవాడికన్నా ఒక ఎకరం ఎక్కువ నష్టపోతాడు. అందుకే కాబోలు, ప్రభుత్వం అతన్ని ధనవంతుడిగా గుర్తించి సత్కరించింది.

ఇక టీ బంకుల దగ్గర ఆర్థికవేత్తలున్నారు. కదిరిలో వీళ్ళకు కొదవ లేదు. ‘ఉచితాలతో జనం సోమరిపోతులైపోయారన్నా, కూలోళ్ళు దొరకడం లేదు’ అన్నది వాళ్ళ సిద్ధాంతం. 1983లో ఎన్టీ రామారావు కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చిన నాడే ఈ జోస్యం పుట్టింది: ఇక ఎవడూ పనికి రాడు అని. నలభై ఏళ్ళు దాటింది. బియ్యం ఇప్పుడు ఉచితంగానే ఇస్తున్నారు. సోమరిపోతులు మాత్రం ఎందుకోగాని రాత్రి బెంగుళూరు బస్సులో సీటు దొరక్క నిలబడి పోతున్నారు. సిద్ధాంతం చెప్పే పెద్దమనిషి తోటలోని బోరుకు 2004 నుంచీ కరెంటు ఉచితం. దాని వల్ల ఆయనకు సోమరితనం రాలేదు. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి దించింది. ఆ కంపెనీల వాళ్ళ ఇంట్లో నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో ఎవరూ మీటరు చూసి రాలేదు.

పథకాల వల్ల ఒరిగిందేమీ లేదనే వాళ్ళ మాట కూడా నేను నమ్మను. రేషను బియ్యం వచ్చి సంగటి ముద్దను పక్కకు నెట్టిందని బాధపడే పట్నపు పెద్దలున్నారు. వాళ్ళు ఆ సంగటి కూడా లేని పూటల సంగతి ఎరగరు. పింఛను సంగతి చూడండి. 2014లో 200 నుంచి వెయ్యి అయింది, 2024 జులైలో 4,000 అయింది. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి గడప దగ్గరికి వచ్చి నోట్లు లెక్కపెట్టి పోతాడు. చాలా ఇళ్ళలో నెల జీతం ఉన్నది ముసలమ్మ ఒక్కతికే. కొడుకు సేద్యానికి అప్పిచ్చేది ఆమే, మనవడి ఫోను రీచార్జి చేయించేదీ ఆమే. ఆ రోజు ఆమె వేలిముద్రకు ఇంట్లో అందరికన్నా విలువ ఎక్కువ. అరవై ఏళ్ళు కలుపు తీసిన వేలు. అరిగిపోయిన గీతలను మిషను గుర్తుపట్టనంటుంది. కొబ్బరి నూనె రాసి, కొంగుకు తుడిచి, మళ్ళీ నొక్కిస్తారు. పని చేసీ చేసీ అరిగినందుకు పని చేయలేదని అనుమానించే యంత్రం అది.

ఉపాధి హామీ పుట్టింది మా ఉమ్మడి జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ప్రారంభించారు. కరువు పని అడుక్కునేది కాదు, హక్కు అన్నారు. ఆ తర్వాత ఆ హక్కుకు ఫోటో కావాలన్నారు. 2023 నుంచి పని జరిగే చోట రోజుకు రెండుసార్లు ఫోటో ఎక్కించాలి. కందకం తవ్వే గుట్ట మీద సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్న చోట తవ్వడానికి గుట్ట ఉండదు. ఫోటోకు ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో ఢిల్లీలోని శాఖే కనిపెట్టింది. ఆ డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. పేరులోంచి గాంధీ వెళ్ళిపోయాడు, రోజులు 100 నుంచి 125 అయ్యాయి, రాష్ట్రం వాటా 40 శాతం అయింది. విత్తే, కోసే కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపవచ్చట, రైతులకు కూలీల కొరత రాకుండా. బాగుంది. మా దగ్గర విత్తే కాలాన్ని ఇన్నాళ్ళూ వాన నిర్ణయించేది. ఇకమీదట నోటిఫికేషన్ నిర్ణయిస్తుంది, వాన దాన్ని చదువుకోవాలి.

నీతి ఆయోగ్ లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో బహుముఖ పేదరికం 2015-16లో 11.77 శాతం, 2019-21 నాటికి 6.06 శాతం. మరుగుదొడ్డి, గ్యాసు, కరెంటు, బడి, ఇలా పన్నెండు అంశాలు చూశారు. వచ్చినవి నిజంగానే వచ్చాయి, ఎగతాళి చేయను. ఆ పన్నెండింటిలో బ్యాంకు ఖాతా కూడా ఒకటి. ఖాతా ఉందా అని అడుగుతారు. అందులో ఏముందని అడగరు. మర్యాద!

మొన్న కదిరి పక్క పల్లెలో ఒక సచివాలయం దగ్గర నిలబడి విన్న మాటలివి. కండువా భుజాన వేసుకున్న పెద్దాయన ఒకడు, కంప్యూటరు ముందు మనవడి ఈడు పిల్లోడు.

‘ఏం నాయనా, నన్ను యాల తీసేసినారు?’

‘నీకు పదకొండెకరాలు చూపిస్తాంది తాతా.’

‘దాంట్లో ఏం పండిందో గూడా చూపిస్తాందా?’

‘అది చూపీదు. ఎకరాలే చూపిస్తాది. ఒక ఎకరం నీ కొడుకు పేరుకు మార్చకూడదా?’

‘మారిస్తే సరిపోతాదా?’

‘వాడు నీ కార్డులోనే ఉండాడు గదా, కలిపేస్తాది. ముందు మీరు కార్డు విడిపోవాల.’

‘ముప్పై ఏండ్లు ఒకే పొయ్యి మీద తింటిమి. గవర్నమెంటు వచ్చి వేరు పడమంటాందా?’ పెద్దాయన కాసేపు ఆలోచించాడు. ‘పోనీ, భూమంతా సోలారోళ్ళకు కౌలుకిస్తే?’

‘అప్పుడు ఆదాయం దాటిపోతాది తాతా.’

‘అయితే ఆ పదకొండో ఎకరం గవర్నమెంటుకే రాసిస్తా రాసుకో. ఒక ఏడు వాళ్ళే చెనిక్కాయ వేసుకోని చూడనీ. పండితే నేను షావుకారునేనని ఒప్పుకుంటా.’

పిల్లోడు స్క్రీను కిందికీ మీదికీ జరిపి శ్రద్ధగా వెతికాడు.

‘దానికి ఆప్షన్ లేదు తాతా’ అన్నాడు.