గోత్రం మారిన సిమ్ము

కాలు కదపకుండా వలస వెళ్లే జాతి ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది మొబైల్ కస్టమర్ల జాతి. రాత్రి ఒక కంపెనీ టవరు కింద పడుకుంటాం, తెల్లారేసరికి ఇంకో కంపెనీ టవరు కింద లేస్తాం. మంచం అదే, దిండు అదే, దిండు కింద ఫోనూ అదే. ఫోన్లో మాత్రం ఒక మెసేజ్ వచ్చి ఉంటుంది: ప్రియమైన కస్టమర్, ఇకనుంచి మీరు మా కుటుంబ సభ్యులు, అభినందనలు. ఎవరి కుటుంబం, నేనెప్పుడు చేరాను, నా పాత కుటుంబం వాళ్లేమయ్యారు, ఈ వివరాలేవీ ఉండవు. అడుగుదామంటే ఆ నంబరుకు జవాబు వెళ్లదు.

దత్తత వ్యవహారం ఇంతకంటే పద్ధతిగా జరుగుతుంది. మా ఇళ్లలో పిల్లాణ్ణి దత్తతకిచ్చేటప్పుడు పెద్దలు కూర్చుంటారు, హోమం చేస్తారు, కన్నవాళ్లు కళ్లొత్తుకుంటారు, నాలుగు ఊళ్ల చుట్టాలు వచ్చి పప్పన్నం తిని పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి వెళతారు. ఆ తరువాతే గోత్రం మారుతుంది. సిమ్ము గోత్రం మాత్రం ముంబయిలోనో ఢిల్లీలోనో పడిన సంతకంతో మారిపోతుంది. పప్పన్నం మాట దేవుడెరుగు, అర జీబీ డేటా అయినా పెట్టరు.

మా మామయ్య సంగతే తీసుకోండి. ఆయనది 98480తో మొదలయ్యే నంబరు. కొత్తవాళ్లకు తన పేరు కంటే ముందు ఈ సంగతి చెబుతాడు. 98490 వాళ్లను సమఉజ్జీలుగా ఒప్పుకుంటాడు. 9440 వాళ్లు గవర్నమెంటు మనుషులు కాబట్టి మర్యాదగా మాట్లాడతాడు. మిగిలినవాళ్లంతా ఆయన దృష్టిలో నిన్నగాక మొన్న ఫోను కొన్నవాళ్లే.

తొంభైల్లో హైదరాబాదులో టాటా సెల్యులార్ వాళ్ల దగ్గర కొన్నాడా సిమ్ము. ఆ కొత్తలో నిమిషానికి 16 రూపాయల 80 పైసల దాకా పడేది. పైగా మనకొచ్చిన ఫోనుకు కూడా మనమే కట్టుకోవాలి. అందుకని ఎవరైనా ఫోన్ చేస్తే మామయ్య ఎత్తేవాడు కాదు. కాసేపు మోగనిచ్చి, చుట్టూ నలుగురూ విన్నారని రూఢి చేసుకుని, కట్ చేసి, రోడ్డు దాటి ఎస్టీడీ బూత్‌కు వెళ్లి అక్కణ్నుంచి మాట్లాడేవాడు. 2003 మే నెలలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక గానీ ఆయన గొంతు సెల్లులో ఎలా ఉంటుందో మా బంధువర్గానికి తెలియలేదు.

ఆ టాటా సెల్యులార్ 2001లో బిర్లా ఏటీ అండ్ టీతో కలిసింది. 2002లో దానికి ఐడియా అని పేరుపెట్టారు. 2006లో టాటాలు తమ వాటా అమ్ముకుని బయటికి వెళ్లిపోయారు. అంటే, ఎవరి పేరు చూసి మామయ్య సిమ్ము కొన్నాడో వాళ్లే గడప దాటేశారు, మామయ్య లోపల మిగిలాడు. 2018 ఆగస్టు 31న ఐడియా వెళ్లి వొడాఫోన్‌తో కలిసింది. 2020 సెప్టెంబరులో ఆ రెండు పేర్లనూ కత్తిరించి ‘వి’ అని ఉంచారు. ఇన్ని గోత్రాలు మారినా, ఏ నెట్‌వర్క్ అని ఎవరైనా అడిగితే మామయ్య ఇప్పటికీ “మాది టాటా” అనే చెబుతాడు.

“కలిసినప్పుడల్లా పేరు పొట్టిదైపోతోంది. ఇంకోసారి కలిస్తే పిలవడానికి ఏమీ మిగలదు” అంటుంది మా అత్తయ్య.

పోనీ, పేరు ఎవరిదైనా నంబరు నాదే కదా అని మామయ్య ధీమా. అదీ మనది కాదట. ఫోను నంబర్లు ప్రభుత్వ వనరులనీ, మనకిచ్చింది వాడుకునే హక్కు మాత్రమేననీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అంటోంది. 2024లో ఈ వార్త పేపర్లో వచ్చిన రోజు అత్తయ్య ఆ పేజీ తీసి అల్మైరా అరలో అట్టగా వేసేసింది. ఆయనకు బీపీ ఉంది.

మా తెనాలిలో ఒక రీఛార్జ్ షాపు ఉంది. దాని గోడను పురావస్తు శాఖవారు స్వాధీనం చేసుకోవాలని నా అభిప్రాయం. పెచ్చు ఊడినచోటల్లా ఒక యుగం బయటపడుతుంది. పైన వొడాఫోన్ ఎరుపు, దాని కింద హచ్ గులాబీ, ఆ పక్క ఐడియా పసుపు, మూలన యూనినార్ నీలం. ఒకప్పుడు ఆ నాలుగు గజాల గోడ మీద ప్రపంచమంతా కొలువుదీరింది. హచ్‌వాళ్లు హాంకాంగ్ నుంచి వచ్చారు. 2007లో వొడాఫోన్ పేరుతో ఇంగ్లండువాళ్లు వచ్చారు. దేశంలో ఇంకోచోట ఎయిర్‌సెల్ వెనక మలేషియా, ఎంటీఎస్ వెనక రష్యా. 2009లో టాటాలు మళ్లీ, ఈసారి జపాన్‌వాళ్లను వెంటబెట్టుకుని డొకోమో అంటూ సెకనుకు పైసాతో దిగారు. ఆ సంవత్సరం చివర్లో యూనినార్ వచ్చింది. దాని వెనకున్నది టెలినార్, దానిలో సగానికి పైగా వాటా నార్వే ప్రభుత్వానిది. తెనాలిలో అరటిగెలల వ్యాపారి సత్తెనపల్లికి ఫోన్ చేసి గెల ధర మీద అరగంట బేరమాడితే, ఆ పైసల్లో కొన్ని నార్వే ఖజానాకు చేరాలన్నమాట. అక్కడి రాజుగారికి మా అరటిగెలల ధర ఎంత పలుకుతోందో తెలిసే ఉంటుంది.

2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. వచ్చినవాళ్లలో చాలామంది సర్దుకున్నారు. నార్వేవాళ్లు మాత్రం మళ్లీ వేలంలో కొనుక్కుని, 2015లో టెలినార్ అని తమ పేరే పెట్టుకుని, మన ఎండల్లో మరికొన్నాళ్లు నిలబడి, 2018 మేలో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయారు. గోడకు మళ్లీ సున్నం.

షాపు కుర్రాడికి ఇవేవీ పట్టవు. “పేరు ఏదైతేనేంటి సార్, టవరు అదేగా” అంటాడు. వాడన్నదాంట్లో నిజముంది. టీవీలో ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకుంటూ ప్రకటనలిచ్చిన రోజుల్లోనే, 2007లో, ఎయిర్‌టెల్ వాళ్లూ వొడాఫోన్ వాళ్లూ ఐడియా వాళ్లూ కలిసి ఇండస్ టవర్స్ అనే కంపెనీ పెట్టుకున్నారు. స్తంభం ఒకటే, దానికి వేలాడే డబ్బాలు వేరు. మనమేమో కింద నిలబడి ఏ కంపెనీ గొప్పదని కొట్టుకుచచ్చాం.

అసలు కష్టమంతా గోత్రం సగం మారినప్పుడు. రెండు కంపెనీలు ఒప్పందం రాసుకున్నాక పోటీల కమిషన్, కంపెనీ లా ట్రిబ్యునల్, టెలికాం శాఖ, అందరూ సరేననాలి. దానికి ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. ఈలోగా పాతవాళ్లకు టవర్ల మీద మమకారం తగ్గిపోతుంది. మనం గాల్లో వేలాడకుండా ఇంట్రా సర్కిల్ రోమింగ్ అని ఒక ఏర్పాటు చేస్తారు. సిమ్ము పాతదే, ప్లాను పాతదే, డబ్బు కట్టేదీ పాతవాళ్లకే. సిగ్నల్ మాత్రం కొత్తవాళ్ల టవరు నుంచి వస్తుంది. డొకోమో కస్టమర్లు ఎయిర్‌టెల్ టవర్ల మీదికి మారింది ఇలాగే.

మా అమ్మ ఫోనుకూ ఇలాంటి ఘడియ వచ్చింది. ఏ కంపెనీ అని అడక్కండి, నేను చెప్పను. ఇంటర్నెట్ రావాలంటే ఫోన్లో డేటా రోమింగ్ ఆన్ చేసుకోమని మెసేజ్ పంపారు. నేనుండేది హైదరాబాదులో, అమ్మ ఉండేది తెనాలిలో. ఫోన్లో చెప్పి చేయిద్దామని కూర్చున్నాను.

“అమ్మా, సెట్టింగ్సులోకి వెళ్లి రోమింగ్ ఆన్ చెయ్యి.”

“రోమింగెందుకురా? నేనెక్కడికీ పోలేదు. వంటింట్లోనే ఉన్నా.”

“నువ్వు పోలేదమ్మా. కంపెనీ పోయింది.”

“అయ్యో! ఎప్పుడు?”

“పోవడమంటే ఆ పోవడం కాదు. ఇంకోదాంట్లో కలిసిపోయింది.”

“నేననేదీ అదేగా.”

అమ్మ గొంతులో పరామర్శ వినబడుతోంది. నేను టవర్లూ ఒప్పందాలూ అనుమతులూ అన్నీ విడమరిచి చెప్పాను. అమ్మ ఓపిగ్గా విన్నది. విని, తన దగ్గరున్న పాత బాకీ బయటికి తీసింది.

“కాశీ వెళ్లినప్పుడు రోమింగ్ ఆన్‌లో పెట్టానని నన్నెన్ని మాటలన్నావు నాన్నా? రెండొందలు తగలేశానని రైలు దిగేదాకా సాధించావు.”

“అప్పుడు రోమింగ్‌కి డబ్బులు పడేవమ్మా. ఇప్పుడు పడవు.”

“కాశీలో వద్దు, వంటింట్లో కావాలి. అంతేగా?”

దీనికి సమాధానం టెలికాం శాఖ దగ్గర ఉంటుందేమో గానీ నా దగ్గర లేదు. చివరికి పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లాడు ఈ తత్వచర్చ ఏదీ లేకుండా రెండు నొక్కులు నొక్కి పని చేసిపెట్టాడు. దాంతో ఫోను నెత్తిన ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరం వెలిసింది. అది కనబడినంతకాలం అమ్మ మాకెవరికీ మనసారా ఫోన్ చేయలేదు. “బాగున్నారా, తిన్నారా, ఉంటా” అని పెట్టేసేది. డబ్బులు పడవని ఎంత చెప్పినా, “పడవని వాళ్లు అంటారు నాన్నా, మన జాగ్రత్తలో మనముండాలి” అనేది. ఆ నెలల్లో ఆవిడ పొదుపు చేసిన మాటలన్నీ అక్షరం మాయమయ్యాక ఒకేసారి ఖర్చు పెట్టింది, అది వేరే సంగతి.

ఈ దత్తతల్లో నన్ను బాగా గుచ్చింది డొకోమో కథలో ఒక వివరం. 2017 అక్టోబరులో టాటాలు దాదాపు నాలుగు కోట్ల మంది కస్టమర్లను ఎయిర్‌టెల్‌కు అప్పగించేందుకు ఒప్పుకున్నారు. నాలుగు కోట్ల తలలకు ఎంత పుచ్చుకున్నారనుకున్నారు? ఏమీ లేదు. నగదు లేదు, అప్పుల బదలాయింపు లేదు, స్పెక్ట్రమ్ బకాయిల్లో కొంత భాగం మాత్రం ఎయిర్‌టెల్ భరించాలి. 2019 జులై 1కి ఆ కలయిక పూర్తయింది. కస్టమర్ దేవుడని షాపుల్లో బోర్డులు పెడతారు గదా, ఆ దేవుళ్ల టోకు ధర అది. దత్తతకు డబ్బు పుచ్చుకోవడం నేరమని 1956 నాటి హిందూ దత్తత చట్టం చెబుతోంది. ఆ చట్టాన్ని ఇంత నిష్ఠగా పాటించినవాళ్లను నేనైతే వేరే చూడలేదు.

నచ్చకపోతే పోర్ట్ పెట్టుకోవచ్చు కదా అనే మహానుభావులుంటారు. మా బావ వాళ్లకు గురువు. నంబరు మార్చకుండా కంపెనీ మార్చే సదుపాయం 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది. 1900కు మెసేజ్ పెడితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, దాన్ని పట్టుకెళ్లి కొత్త కంపెనీ చేతిలో పెట్టడమే. బావ దీన్ని ఆత్మగౌరవ సమస్యగా తీసుకున్నాడు. తన కాల్ మధ్యలో తెగిందని ఒక పెద్ద కంపెనీ మీద కోపగించి, కస్టమర్ కేర్ పిల్లతో “ఇక జన్మలో మీ మొహం చూడను” అని చెప్పి మరీ చిన్న కంపెనీలోకి మారాడు. ఆ అమ్మాయి “మీకు ఇంకేమైనా సహాయం కావాలా సార్” అందట. కొంతకాలం మహా ఆనందంగా ఉన్నాడు. ఆ తరువాత పెద్ద కంపెనీ చిన్న కంపెనీని కొనేసింది. బావను మళ్లీ కుటుంబంలోకి ఆహ్వానిస్తూ మెసేజ్ వచ్చింది. ఆ పూట అన్నం తినలేదని అక్క చెప్పింది.

“నువ్వే నయం బావా,” అని ఓదార్చబోయాను. “ఎంటీఎస్ వాళ్ల కస్టమర్లను చూడు. 2017 అక్టోబరు 31న వాళ్లది రిలయన్స్ కమ్యూనికేషన్స్‌లో కలిసింది. డిసెంబరు 1 నుంచి రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాళ్లు వాయిస్ కాల్సే ఆపేశారు. కొత్త గోత్రం నోటికి పట్టేలోపే పాపం...”

“నేను వాళ్లలాంటివాణ్ణి కాదు” అన్నాడు బావ.

2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఒకరి వెనక ఒకరు రేట్లు పెంచినప్పుడు జనం బీఎస్ఎన్ఎల్ వైపు మళ్లారు. బావ అందరికంటే ముందు నిలబడ్డాడు. దీన్నెవరూ కొనలేరు, ఇది భారత ప్రభుత్వం అని వాట్సాప్ గ్రూపులో జెండా బొమ్మ పెట్టాడు. వైఫై ఉన్నచోట పెట్టి ఉంటాడని మామయ్య వ్యాఖ్య.

మొన్న శీతాకాలం బావా అక్కా మంచు చూస్తామని పాడేరు వైపు వెళ్లారు. ఆ కొండల్లో ప్రభుత్వ నిధులతో లేచిన టవర్లున్నాయి, నడిపేది ప్రైవేటు కంపెనీలు. 2025 జనవరిలో కేంద్రం అలాంటి టవర్లను అందరికీ తెరిచింది. ఎవడు నాటిన టవరైనా సరే, బీఎస్ఎన్ఎల్ సిమ్ముకూ సిగ్నల్ ఇవ్వాలి. బావకు ఈ సంగతి తెలియదు. కొండమలుపులో ఫోను తీసి చూస్తే నెత్తిన ‘ఆర్’ అక్షరం, దాని పక్కన ఆయన జన్మలో మొహం చూడనన్న కంపెనీ పేరు.

బావ అక్కడికక్కడే ఫోను స్విచాఫ్ చేసేశాడు. చేసి, ఈ అన్యాయం నాకు వెంటనే చెప్పాలని అక్క ఫోను లాక్కుని, వాళ్ల టవరు మీద ఒక్క మాట కూడా మాట్లాడేది లేదని ముప్పావుగంట చెప్పాడు. మధ్యలో ఒక్కసారి కూడా కాల్ తెగలేదు. అక్కది ఆ కంపెనీ సిమ్మే.