కుబేరుని కొలువులో ఒకటిన్నర రోజు సెలవు

ఇన్ఫోసిస్ స్థాపకులలో ఒకరైన శ్రీ నారాయణమూర్తిగారు చైనావారి 9-9-6 సూత్రమును మన యువతకు ఆదర్శముగా సెలవిచ్చిన నాటినుండి, కొందరు దానిని దేశోద్ధారక మంత్రమని కొనియాడుచు, మరికొందరు క్రూరమైన కొత్త కల్పన యని దూషించుచు, పత్రికల పుటలన్నియు నింపుచున్నారు. ఉభయపక్షములవారును పురాణము తెలియనివారే. ఉదయము 9 గంటలకు కొలువు చొచ్చి, రాత్రి 9 గంటలకు వెలువడి, వారమునకు 6 దినములు, వెరసి 72 గంటలు పాటుపడవలెనను ఈ ధర్మమునకు మూలపురుషుడు బెంగుళూరువాడు కాడు, షాంఘైవాడును కాడు. అలకాపురాధీశ్వరుడైన కుబేరుడు.

సాక్ష్యము కావలెనన్నచో మేఘసందేశము చూడుడు. కుబేరుని కొలువులో ఒక యక్షుడు భార్యయందు మనసు నిలిపి పనిలో ఏమరినాడు. ఏ పనిలో, ఎన్ని నిమిషములు ఏమరినాడో కాళిదాసు చెప్పలేదు. హాజరుపట్టీ ఆయనకు చూపించి యుండరు. మెమో లేదు, సంజాయిషీ లేదు. ఏడాదిపాటు భార్య ముఖము చూడరాదని ఆజ్ఞాపించి, ఉన్న మహిమలన్నియు ఊడబెరికి, రామగిరికి బదిలీ చేసినారు. జీతము కోయుట సామాన్య యజమానులు చేయు పని. దాంపత్యమునే కోయవలెనని తోచుటకు నవనిధులకు అధిపతియైనవాని బుద్ధి కావలెను.

ఆ తరువాతి వ్యవహారము తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. శ్రీనివాసుడంతటివాడు పెండ్లికి అప్పు కావలసి కుబేరునికే పత్రము వ్రాసియిచ్చి, నేటికిని వడ్డీ కట్టుచునే యున్నాడు. స్వామివారు కొండమీద, అమ్మవారు తిరుచానూరులో. అప్పిచ్చినవా డెవడో తెలిసిన పిదప ఈ ఏర్పాటులో నాకు వింత యేమియు కనబడలేదు.

ఇక కుబేరుడు ఉత్తరదిక్పాలకుడు. చైనా మనకు ఏ దిక్కున నున్నదో పటము తెరచి చూచుకొనవచ్చును. ఆ దేశపు కథలోను ఇదే శాసనము చెల్లినది. దివిలో నేతనేయు కన్య పశులకాపరిని పెండ్లాడి సుఖించుచుండగా మగ్గము ఆగిపోయినదట, పశువులు చెదరిపోయినవట. దేవలోకాధిపతి కోపించి ఆలుమగలను ఆకాశగంగకు చెరియొక గట్టున నిలిపి, ఏటికొకమారు, ఏడవ నెల ఏడవనాడు, పక్షులు కట్టిన వంతెనమీద మాత్రము కలిసికొన ననుమతించినాడు. పేరు మారినది గాని సంతకము కుబేరునిదే.

ఇప్పుడు ఒక దంపతులను ఊహింతము. పిల్లవాడిది అనకాపల్లి గవరపాలెము, పిల్లది చోడవరము. ఇద్దరును షాంఘైలో ఒకే కంపెనీ కొలువున నున్నారు. పెండ్లియైన నాటినుండి ఎక్కడికిని పోలేదనియు, రైలులో గంట ప్రయాణమే గనుక హాంగ్‌ఝౌ నగరమునకు పోయి, అచటి పశ్చిమ సరస్సును చూచి వత్తుమనియు వారికి బుద్ధి పుట్టినది. శనివారము రాత్రి 9 గంటలకు కొలువు వెలువడి సోమవారము ఉదయము 9 గంటలకు మరల చొచ్చులోపల ఉన్నవి 36 గంటలు. అందులో నిద్ర, రైలు, స్నానము, సోమవారమునకు ఇస్త్రీ తీసివేయగా మిగులు కాలమునకై వారు అలకాపురమునకు దరఖాస్తు పెట్టుకొన్నారు.

విచారణాధికారి కాగితమును అటునిటు త్రిప్పి, కండ్లద్దములు సవరించుకొని, “మీరు సరస్సును చూడబోవుచున్నారా, ఒకరినొకరు చూచుకొనబోవుచున్నారా?” అని అడిగెను.

“రెండూనండి,” అన్నాడు పిల్లవాడు.

“సరస్సునైతే ఒక్కరు చూచి ఫోటో పంపిన చాలును, ఇద్దరి పని చెడనేల? ఒకరినొకరైతే, ఇంట నున్నప్పుడు చూచుకొనుట లేదా? ఎంతసేపని చూతురు?”

ఈ ప్రశ్న అధికారి సొంతము కాదు. మన దేశములోనే ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్‌గారు వారమునకు 90 గంటల పని కోరుచు, ఆదివారములు కూడ మీచేత పని చేయింపలేకపోతినే యని విచారించుచు, ఇంట కూర్చుండి భార్య ముఖ మెంతసేపని చూతురని 2025 జనవరిలో అడిగినదే. అలకాపురములో ఆ వాక్యమును అద్దము కట్టించి గోడకు తగిలించినారని వినికిడి.

పిల్ల సమాధానము చెప్పినది. “పగలు చూసుకోడానికి వీలవదండి. ఈయన ఎనిమిదో అంతస్తు, నాది పన్నెండు. రాత్రి ఇంటికెళ్లేసరికి ఎవరో ఒకరు పడుకునే ఉంటాం. నిద్దర్లో మొహం చూడ్డం కూడా లెక్కేనా?”

అధికారి గ్రంథములు తిరుగవేయించి, నిద్రించు ముఖమును చూచుట అర్ధదర్శనముగా పరిగణింపవలెననియు, ఇరువురును మేల్కొనియున్న యెడల పూర్ణదర్శనమనియు, సరస్సు నేపథ్యముగా నున్నచో దానిపై విలాసపు పన్ను అదనమనియు తీర్పు చెప్పెను. సెలవు మంజూరు అయినది గాని ఊరకే కాదు. కుబేరుడు ఏదియు ఊరకే ఇచ్చువాడు కాడు. చైనాలో 2025 అక్టోబరు 1 నుండి 8 వరకు జాతీయ దినోత్సవపు సెలవు లిచ్చినప్పుడు, ముందుగా సెప్టెంబరు 28 ఆదివారమును, పిదప అక్టోబరు 11 శనివారమును పనిదినములుగా రాబట్టుకొన్నారు కదా. అదే పద్ధతిని ఈ దంపతుల పేర ఒక ఖాతా తెరచి, వాడుకొనబోవు దర్శనమునకు రెట్టింపు పనిగంటలు వ్రాసికొన్నారు.

పోయినారు. హాంగ్‌ఝౌ గొప్ప యూరు. ఆ సరస్సు 2011లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినది. అయితే అది అలీబాబా కంపెనీ పుట్టినూరును గూడ. 2019 ఏప్రిలులో 9-9-6 పని మహాభాగ్యమని ఉద్యోగులకు బోధించిన జాక్ మా గారిది ఆ యూరే. మరునెలలోనే 102 జంటల సామూహిక వివాహ వేదికపై ఆయన దాంపత్యమునకును అంకెలతో ఒక సూత్రము చెప్పియున్నాడు. దాని నిక్కడ వ్రాయుటకు ఈ పత్రిక సభ్యత అంగీకరింపదు. యక్షుని దాంపత్యమును కుబేరుడు నిషేధించి ఊరకున్నాడు. దానికి గంటల పట్టిక వ్రాయవలెనని ఆయనకును తోచలేదు.

వంతెనమీద ఇద్దరును నిలిచినారు. నీటిలో తామరాకులు ఎండి ముడుచుకొనియున్నవి. పిల్ల సంచిలోనుండి మూత బిగిసిన స్టీలు డబ్బా తీసి, చీర కొంగు పట్టి తిప్పి తెరచి, అత్తగారు పంపిన బెల్లపు గవ్వ నొకదానిని మగని చేతికిచ్చినది. గవ్వ నోటికి చేరలేదు, జేబు మ్రోగినది.

“ఏటండీ అది?”

“డింగ్‌టాక్.”

“చూడకండి.”

“చూడకపోతే చూడలేదని వాళ్లకు తెలిసిపోద్ది.”

సందేశము చదివినదియు, చదువనిదియు పంపినవానికి తెలియజేయు ఈ యంత్రమును అలీబాబావారే చేసినారు. యక్షుడు మేఘమును బ్రతిమాలి భార్యకు కబురంపవలసి వచ్చెను. కుబేరుడు యక్షునికి కబురంపుటకు ఎవరిని బ్రతిమాలవలసిన పని లేదు. పిల్లవాడు చదివినాడు, వ్రాసినాడు, మరల చదివినాడు. ఎదురుగా సరస్సు, ప్రక్కన భార్య. ఖాతాలో రెండును ఖర్చు వ్రాసినారు.

శిక్ష సోమవారము వెలువడినది. రామగిరి దూరము, ప్రయాణపు ఖర్చు దండుగ గనుక నేటి కుబేరుడు ఎవరిని ఎచ్చటికిని పంపడు. భర్తకు పగటి పాళి, భార్యకు రాత్రి పాళి. ఒకే ఇల్లు, ఒకే మంచము, ఒకే తాళపుచెవి. ముఖములు మాత్రము ఏడాది పొడవునను కలియవు.

హాస్య మింతవరకే. ఈ కడపటి శిక్షను నేను కల్పింపలేదు. అనకాపల్లి నుండి అచ్యుతాపురము సెజ్‌కు పోవు కంపెనీ బస్సులను ఏ తెల్లవారుజామున నైనను చూడుడు. మందుల ఫ్యాక్టరీలో రాత్రి పాళి ముగించి మగడు దిగుచుండగా బట్టల ఫ్యాక్టరీకి భార్య ఎక్కుచుండును. అన్నము గిన్నె ఎక్కడ పెట్టినదో, పిల్లవానికి మందెప్పుడు వేయవలెనో రెండు మాటలు, బస్సు కదలును. వారికి పశ్చిమ సరస్సు అక్కరలేదు. ఫ్యాక్టరీ గేటు నుండి కొండకర్ల ఆవ దగ్గరలోనే యున్నది. ఇద్దరును కలిసి ఒక సాయంత్రము తాటిదోనెలో కూర్చుండి పక్షులను చూచిరా అని అడుగుడు. నవ్వుదురు.

ఇట్టివారికా మీరు 72 గంటల పాఠము చెప్పునది? ఏ దేశమును చూచి నేర్చుకొనుమని చెప్పుచున్నారో ఆ దేశపు అత్యున్నత ప్రజా న్యాయస్థానము, కార్మిక శాఖతో కలిసి, 2021 ఆగస్టులోనే 9-9-6 చట్టవిరుద్ధమని తేల్చినది. దినమునకు 8 గంటలు, వారమునకు 44 గంటలు మించరాదని వారి శ్రమచట్టమున్నది. అది ఆచరణలో ఎంత నీరుగారినదో ఎరుగుదును. అయినను పారవేయవలసినదని వారి న్యాయస్థానమే చెప్పినదానిని ఏరి తెచ్చి, మన పిల్లల నెత్తిన కిరీటమని పెట్టుటకు సిగ్గుండవలెను. 2024 ఆగస్టు 21 మధ్యాహ్నము అచ్యుతాపురపు మందుల ఫ్యాక్టరీలో పేలుడు సంభవించి 17 మంది మరణించిరి. ఎంతసేపని ముఖము చూతురని అడుగువారు ఆ 17 ఇండ్లకు పోయి, గుమ్మములో నిలిచి, ఆ ప్రశ్న అడుగవలెను.

మన రాష్ట్ర మంత్రివర్గము 2025 జూనులో ఫ్యాక్టరీలలో దినపు పనిని 9 గంటల నుండి 10 గంటలకు పెంచ నిర్ణయించినది. అదనపు పనికి మూడు నెలలకు 75 గంటలున్న హద్దును 144 గంటలు చేసినది. చైనా చట్టములో ఆ హద్దు నెలకు 36 గంటలు. మూడు నెలలకు 108.